గంజి పోయాలా, చెరువు తవ్వాలా? కరువు సాయం, ఆకలికి శాశ్వత పరిష్కారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ టాపిక్ ఎక్కడ వచ్చినా రెండు గుంపులు తయారవుతాయి. ఒకళ్లు "ముందు అన్నం పెట్టండి, మిగతా కబుర్లు తర్వాత" అంటారు, ఇంకొకళ్లు "ఎన్నాళ్లని పెడతారు, ప్రాజెక్టులు కట్టండి, పనులు చూపించండి" అంటారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకి ఒకేచోట జవాబులు ఉంటే బాగుంటుందని ఇవి రాస్తున్నా. ఉదాహరణలు ఎక్కువగా రాయలసీమ, కోస్తా, పాత మద్రాసు ప్రెసిడెన్సీ నుంచే తీసుకున్నా, ఎందుకంటే ఈ వాదన మన దగ్గర దాదాపు 200 ఏళ్లుగా నడుస్తోంది, ఎవరు ఏం చేస్తే ఏమైందో కూడా రికార్డుల్లో ఉంది.

ప్ర: ముందు ఏది? అన్నం పెట్టడమా, అసలు సమస్య తీర్చడమా? సూటిగా చెప్పండి.

ముందు అన్నమే, అందులో డిబేట్ ఏమీ లేదు. రెండేళ్లలోపు పిల్లలకి తిండి సరిగ్గా లేక ఎదుగుదల ఆగిపోతే తర్వాత ఎంత పెట్టినా అది పూర్తిగా తిరిగి రాదు, డ్యామ్ పూర్తయ్యేదాకా కాస్త ఓపిక పట్టమ్మా అని ఆ పిల్లకి చెప్పలేం కదా. కాకపోతే "ముందు" అంటే ఇది పూర్తయ్యాక అది మొదలుపెడదాం అని కాదు. గంజి పోసే రోజే చెరువు పని కూడా మొదలవ్వాలి. ఈ పేజీ మొత్తంలో నేను చెప్పేది ఇదొక్కటే అనుకోండి: సాయాన్నీ పరిష్కారాన్నీ ఒకదానికొకటి పోటీగా పెట్టిన ప్రతిసారీ మన దగ్గర జనం చచ్చారు, రెండూ ఒకే పనిలో కలిసినప్పుడే ఏదైనా మిగిలింది.

ప్ర: ఉచితంగా పెడితే జనం సోమరిపోతులు అవుతారు కదా?

ఈ మాట కొత్తదేం కాదండీ, 1877లోనే ఇదే మాట పట్టుకుని లక్షల మందిని చంపారు. వివరంగా చెప్తా, ఎందుకంటే ఈ కథ తెలియకుండా మిగతా ప్రశ్నలు అర్థం కావు.

1876-78 కరువుని మన పెద్దవాళ్లు ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. కర్నూలు, కడప, బళ్లారి (అనంతపురం అప్పటికి ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది), నెల్లూరు, అటు మైసూరు, బొంబాయి వైపు జిల్లాలు అన్నీ ఎండిపోయాయి. లిట్టన్ వైస్రాయి, 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు పెట్టి విందులు చేస్తున్నాడు, అదే నెలలో మద్రాసు వైపు కరువు ఖర్చు తగ్గించమని రిచర్డ్ టెంపుల్‌ని పంపాడు. ఈ టెంపుల్ సంగతే విచిత్రం. అంతకుముందు 1873-74లో బీహార్‌లో కరువొస్తే ఇదే మనిషి బర్మా నుంచి బియ్యం తెప్పించి, ధారాళంగా ఖర్చుపెట్టి, చావులు దాదాపు లేకుండా చేశాడు. దానికి మెచ్చుకోవాలా వద్దా? దుబారా చేశావని పైవాళ్లు తిట్టారు! ఆ దెబ్బతో ఈసారి తన పొదుపు నిరూపించుకోవాలనుకున్నాడు.

మద్రాసు వచ్చి కరువు పనుల్లో కూలి తగ్గించేశాడు: రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం అంటే దాదాపు 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడవాళ్లకీ పిల్లలకీ ఇంకా తక్కువ. కూరలకీ పప్పుకీ లెక్కే లేదు. దీన్నే టెంపుల్ కూలి అంటారు. ఎక్కువిస్తే జనం క్యాంపులకి అలవాటుపడతారు, పనిచేయడం మానేస్తారు అన్నది వాదన. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు, రాళ్లు కొట్టే మనిషికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానికి తోడు కూరగాయలు, పప్పు లాంటివి కావాలని లెక్కలు చూపించాడు, క్యాంపుల్లో చావుల లెక్కలు కూడా బయటపెట్టాడు. కొన్ని నెలలకి కూలి పెంచక తప్పలేదు, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. బ్రిటిష్ పాలన కింద ఉన్న ప్రాంతాల్లోనే 55 లక్షల దాకా పోయారని ఒక అంచనా, ఇంకా ఎక్కువని చెప్పేవాళ్లూ ఉన్నారు. కర్నూలు జిల్లా జనాభా 1871 సెన్సస్‌కీ 1881 సెన్సస్‌కీ మధ్య దాదాపు పావు వంతు తగ్గిపోయింది.

కాబట్టి ఎవరైనా "ఫ్రీగా ఇస్తే పనిచేయరు" అంటే నాకు టెంపులే గుర్తొస్తాడు. వానలు పడగానే పొలాల్లోకి పోని రైతుని నేనైతే చూడలేదు. సోమరితనం గురించి మాట్లాడేవాళ్లకి ఆ పూట భోజనం అయ్యే ఉంటుంది, అది మాత్రం గ్యారంటీ.

ప్ర: వానలు లేక పంట పోతే ఎవరేం చేస్తారు, అది ప్రకృతి కదా?

వాన పడకపోవడం ప్రకృతి. జనం చచ్చిపోవడం ప్రకృతి కాదు. ధాత కరువు నడుస్తుండగానే ఇండియా నుంచి ఇంగ్లండుకి గోధుమల ఎగుమతి ఆగలేదు సరికదా, పెరిగింది. కరువులో సరుకు తెస్తాయనుకున్న రైళ్లే ఉన్న ధాన్యాన్ని ధర ఎక్కువ పలికేచోటికి లాక్కుపోయాయి. 1943 బెంగాల్ కరువులో ముప్పై లక్షల మంది దాకా పోయారు, ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఆ లెక్కలు తవ్వి చూపించింది ఏంటంటే 1943లో బెంగాల్‌లో ఉన్న ధాన్యం 1941 కంటే తక్కువేం కాదు, 1941లో మరి కరువు లేదు. యుద్ధం వల్ల ధరలు పేలిపోయాయి, కూలివాడు, చేపలు పట్టేవాడు, చేతిపనివాడు ఆ ధరకి కొనలేకపోయారు. బజార్లో బియ్యం ఉంది, వాళ్ల చేతిలో డబ్బు లేదు. పైగా కరువు వచ్చిందని ప్రకటిస్తే కరువు కోడ్ (కరువొస్తే సర్కారు ఏం చేయాలో రాసిన నియమాలు) ప్రకారం రిలీఫ్ ఇవ్వాల్సి వస్తుందని బెంగాల్ ప్రభుత్వం ప్రకటనే చేయలేదు.

ఇది అర్థమైతే సాయం ఎలా ఉండాలో కూడా అర్థమవుతుంది: ధాన్యం ఉండడం ఒక్కటే చాలదు, అది కొనుక్కునే శక్తి మనిషి చేతిలో ఉండాలి, కూలి రూపంలోనో, రేషన్ కార్డు రూపంలోనో, క్యాష్ రూపంలోనో.

ప్ర: కాటన్ దొర లాగా ఆనకట్టలు కట్టేస్తే ఇక రిలీఫ్‌తో పనేముంది?

గోదావరి జిల్లాల వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న, అడగడంలో న్యాయం కూడా ఉంది. 1832-33లో వచ్చిన నందన కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా చనిపోయారని అంచనా. గోదావరి పక్కనే పారుతున్నా రాజమండ్రి జిల్లా కూడా కరువులతో, తుపానులతో, వలసలతో ఖాళీ అయింది. ఆర్థర్ కాటన్ రిపోర్టులు రాసి, పైవాళ్లతో పోట్లాడి, 1847లో ధవళేశ్వరం పని మొదలుపెడితే 1852కి ఆనకట్ట పూర్తయింది, తర్వాత మూడేళ్లకి బెజవాడ దగ్గర కృష్ణ మీద కూడా వచ్చింది. ధాత కరువులో సీమ ఎండిపోతుంటే డెల్టాలో పంట పండింది. ఇప్పటికీ ఆ ఊళ్లలో మే 15న కాటన్ జయంతి చేస్తారు, విగ్రహాలకి దండలు వేస్తారు. శాశ్వత పరిష్కారం అంటే ఇలా ఉండాలి, కాదనను.

కానీ తేదీలు ఒకసారి చూడండి. 1832లో కరువు, 1852లో ఆనకట్ట. మధ్యలో ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లు జనం ఏం తినాలి? రెండోది, నది పక్కన, పల్లంలో, నల్ల ఒండ్రు ఉన్న డెల్టాకి కుదిరిన పరిష్కారం గుట్టలూ రాళ్లూ ఉన్న మెట్ట సీమకి కుదరదు.

ప్ర: మరి రాయలసీమకి ఎందుకు కుదరలేదు? ప్రయత్నమే చేయలేదా?

చేశారు. కేసీ కెనాల్, అదే కర్నూలు-కడప కాలువ, 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేట్ కంపెనీ తవ్వింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని కడప దాకా 300 కిలోమీటర్లు. పడవలు కూడా తిప్పుదామనుకున్నారు. లాభం రాలేదు, రైతులు నీటి రేటు కట్టి మాగాణి చేయడానికి పెద్దగా ముందుకు రాలేదు, చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. కాలువ పక్కన ఉన్న జిల్లానే ధాత కరువులో అంత దెబ్బతింది, అది గుర్తుపెట్టుకోండి. కాలువ తవ్వితే సరిపోదు, ఆ నీళ్లు వాడుకోగలిగే స్థోమత రైతుకి ఉండాలి.

తర్వాత 1937 నవంబర్ 16న మద్రాసులో కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒప్పందం, కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకి ప్రాధాన్యం అని రాసుకున్నారు. తుంగభద్ర డ్యామ్ 1953లో వచ్చింది. హంద్రీ-నీవా నీళ్లు అనంతపురం జిల్లాకి చేరేసరికి 2012 అయింది. ఒప్పందం రాసిన నాటికి పుట్టిన పిల్లలు అప్పటికి 75 ఏళ్ల ముసలివాళ్లు. అందుకే "పెద్ద ప్రాజెక్ట్ వస్తోంది, చిన్న చిన్న సాయాలు దేనికి" అనే మాట సీమలో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ప్ర: గంజి కేంద్రాలు అని పెద్దవాళ్లు చెప్తుంటారు, అవేంటి?

1950ల మొదట్లో రాయలసీమలో వరసగా వానలు పోయాయి. 1952 కూడా నందన నామ సంవత్సరమే, 1832 లాగా, యాదృచ్ఛికమే అనుకోండి కానీ మా వైపు పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఊళ్లలో గంజి కేంద్రాలు తెరిచారు, పెద్ద పెద్ద గంగాళాల్లో కాచి పోసేవాళ్లు, జనం ముంతలూ చెంబులూ పట్టుకుని లైన్లో నిలబడేవాళ్లు. అప్పుడే సినిమాల్లో పైకొస్తున్న ఎన్టీ రామారావు ఊరూరా తిరిగి సీమ కరువు కోసం విరాళాలు పోగుచేశారు. ఆయనే ముఖ్యమంత్రి అయ్యాక 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పెట్టారు, ఆ రెండింటికీ లింకు ఉందో లేదో నాకు తెలియదు, ఉందని మాత్రం నాకు నమ్మకం.

గంజి కేంద్రాలు ప్రాణాలు నిలబెట్టాయి. కానీ ఒక్క విషయం: గంజి పోసేవాడి దయ మీద ఉంటుంది అది. మూసేస్తే అడిగే హక్కు లేదు. ఇదే దాని అసలు లోపం, గంజి పల్చగా ఉండడం కాదు.

ప్ర: దాతలు ముందుకొస్తే చాలు కదా, బుడ్డా వెంగళరెడ్డి, డొక్కా సీతమ్మ లాంటివాళ్లు?

ఇద్దరికీ చేతులెత్తి దండం పెట్టాలి. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన ఆస్తి కరిగించి జనానికి తిండి పెట్టారని సీమలో ఇప్పటికీ పాటలు పాడతారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినా వండి వడ్డించేవారు, ఇప్పుడు ఆంధ్రాలో బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. కానీ సీతమ్మగారి వంటింట్లోకి బియ్యం ఎక్కడివి? కాటన్ కాలువ కింద పండిన గోదావరి లంకల బియ్యం. వెంగళరెడ్డి గారి ఊరు మాత్రం మెట్ట, అందుకే ఆ పదేళ్లకే వచ్చిన ధాత కరువుని ఏ ఒక్క దాతా ఆపలేకపోయాడు.

ప్ర: కరువు పనుల వల్ల ఏమైనా మిగులుతుందా? గుంత తవ్వడం, పూడ్చడమేగా?

అలా దండగ పనులు చేసినవి చాలా ఉన్నాయి, ఎక్కడో కుప్ప పోయడానికి కంకర కొట్టించడం లాంటివి. కానీ అన్నీ అంతే అనడం తప్పు. మద్రాసులో అడయారు నుంచి కూవం నది దాకా బకింగ్‌హాం కాలువ ముక్క 1877-78లో కరువు కూలీలు తవ్వినదే. అప్పటి గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం, అందుకే ఆ పేరు. ఉత్తరం వైపు ఆ కాలువ మన పెదగంజాం దాకా వచ్చి కృష్ణా డెల్టా కాలువలతో కలుస్తుంది, దశాబ్దాల పాటు పడవల్లో సరుకులు దాని మీదే నడిచాయి.

ఇంకా మంచి ఉదాహరణ మహారాష్ట్ర. 1972-73లో అక్కడ ఘోరమైన కరువు, పంట బాగా పడిపోయింది. ఉచిత తిండి మీద కాకుండా పనుల మీద పెట్టారు, ఒక దశలో దాదాపు 50 లక్షల మంది కరువు పనుల్లో ఉన్నారు, కూలి క్యాష్‌లో. ఆకలి చావుల కరువు అవ్వకుండా ఆగింది. ఆ అనుభవంతోనే వాళ్లు ఉపాధి హామీ స్కీమ్ తెచ్చి, 1977లో చట్టం చేశారు. కరువు తగ్గగానే మూసేయకుండా రిలీఫ్‌ని చట్టంగా మార్చారన్నమాట. అలా చేసినవాళ్లు చాలా తక్కువ.

ప్ర: ఉపాధి హామీ రిలీఫా, శాశ్వత పరిష్కారమా?

రెండూ, అందుకే నాకు ఇష్టం, అందుకే దాన్ని ఎవరూ సరిగ్గా నడపనివ్వరు. దేశం మొత్తానికి ఆ పథకం మొదలైంది 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఊరికే ఆ ఊరు ఎంచుకోలేదు, అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు, వేరుశనగ ఒక్కదాని మీదే ఆధారపడ్డ జిల్లా, జనం బెంగళూరుకీ కేరళకీ వలస. మా వైపు ముసలోళ్లు ఇప్పటికీ దాన్ని కరువు పనే అంటారు.

గొప్పతనం ఎక్కడుందంటే పని అడిగితే 15 రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే భృతి ఇవ్వాలి అన్న రూల్‌లో. పంట కుంటలు, చెరువు పూడికలు, పండ్ల తోటలకి గుంతలు, కందకాలు, ఇవన్నీ ఆ కూలితోనే వచ్చాయి. కుంట తవ్విన నెలలో కూలి ఇంటికొస్తుంది, తర్వాత ఏడాది కుంటలో నీళ్లు నిలుస్తాయి, చీనీ (బత్తాయి) చెట్టు బతుకుతుంది. కరువు మండలంగా ప్రకటిస్తే ఇంకో 50 రోజుల పని అదనంగా ఇచ్చేవాళ్లు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెట్టిన సోషల్ ఆడిట్ పద్ధతి కూడా చెప్పుకోవాలి, మస్టర్లో (కూలీల హాజరు పట్టీలో) ఉన్న పేర్లు ఊరి మధ్యలో గట్టిగా చదివితే "వాడు దుబాయ్‌లో ఉన్నాడు, వాడికి కూలి ఎట్లా పడింది" అని జనమే అడిగేవాళ్లు.

లోపాలా, బోలెడు. కూలి నెలల తరబడి ఆలస్యం అయితే అది కరువు సాయం కానే కాదు, ఆకలి 15 రోజులు కూడా ఆగదు. కొన్ని కుంటలు ఫోటో కోసం తవ్వినవి. 2025 డిసెంబర్లో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది, రోజులు 125 అన్నారు, కానీ ఎక్కువ రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలి, వ్యవసాయం జోరుగా ఉండే రోజుల్లో పని ఆపేయొచ్చు. రోజుల సంఖ్య చూసి సంబరపడకండి. అసలు చూడాల్సింది ఒకటే: కరువొచ్చినప్పుడు జనం అడిగినంత పని తెరుచుకుంటుందా, బడ్జెట్ అయిపోయిందని గేటు మూస్తారా.

ప్ర: సాయం ఎప్పుడు మొదలవ్వాలి?

జనం బక్కచిక్కి టీవీలో కనిపించాక కాదు. పల్లెలో కరువు ముందు సంతలో కనిపిస్తుంది. మేత లేక ఎద్దుల్ని, ఆవుల్ని సంతకి తోలుకుపోతారు, అందరూ ఒకేసారి అమ్మేసరికి ధర పడిపోతుంది, కబేళా వాళ్లకి పండగ. తర్వాత మేకలు, తర్వాత ఇత్తడి సామాన్లు, కమ్మలు, ఆఖరికి పొలం. ఎద్దులు అమ్ముకున్న రైతు మరుసటి ఏడాది వాన పడ్డా దున్నలేడు, అంటే ఒక్క ఏడాది కరువు మూడేళ్ల కరువు అవుతుంది. అందుకే టైముకి పెట్టిన పశుగ్రాసం కేంద్రం, టైముకి ఇచ్చిన విత్తనాలు, ఇవి చూడ్డానికి తాత్కాలిక సాయమే గానీ చేసేది శాశ్వత పరిష్కారం పని. సరిగ్గా అదే సాయం ఆరు నెలలు లేటుగా వస్తే దానికి సగం విలువ కూడా ఉండదు.

1880 ఫామిన్ కమిషన్ తర్వాత వచ్చిన కరువు కోడ్‌లలో ఈ గుర్తులు రాసిపెట్టారు: ధాన్యం ధర పెరగడం, షావుకార్లు అప్పు ఇవ్వకపోవడం, జనం ఊళ్లు తిరగడం, చిల్లర దొంగతనాలు. అనుమానం వస్తే టెస్ట్ పనులు తెరిచి ఎంతమంది వస్తారో చూడమన్నారు. దొరలు రాసినదైనా ఇది మంచి పద్ధతి. కరువు కోసమని పక్కన పెట్టిన ఫండ్‌ని వాళ్లే అఫ్ఘాన్ యుద్ధానికి మళ్లించారని అప్పట్లోనే పెద్ద గొడవ అయింది, అది వేరే సంగతి.

ప్ర: రేషన్ బియ్యం వల్ల జొన్నలు, కొర్రలు పోయాయి, ఇది మంచిదా?

మంచీ ఉంది, చెడూ ఉంది, ఇక్కడ నాకూ కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకి 5 కిలోలు, దేశంలో మూడింట రెండొంతుల మందికి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం. కరువొచ్చినా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ముఖ్య కారణం ఇదే, ఎగతాళి చేయకండి. అదే సమయంలో మెట్ట నేలలో, తక్కువ వానతో పండే జొన్న, సజ్జ, కొర్ర, రాగి పళ్లెంలోంచి పోయి, ఎక్కడో నీళ్ల కింద పండిన తెల్లబియ్యం వచ్చింది. తినడం తగ్గితే పండించడం కూడా తగ్గుతుంది, మెట్ట రైతు వేరుశనగ, పత్తి వైపు పోయాడు, వాన పోతే తిండిగింజా లేదు డబ్బూ లేదు.

దీనికి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990లలోనే ఒక దారి చూపించారు. ఎక్కువమంది దళిత మహిళలు. బీడుపడ్డ భూముల్ని సాగులోకి తెచ్చి జొన్న వేశారు, పెట్టుబడి అప్పుని జొన్నల రూపంలోనే తీర్చారు, ఆ గింజల్ని ఊళ్లోనే పాతర్లలో నిల్వ చేసి, ఎవరు ఎంత పేదో ఊరివాళ్లే తేల్చి కరువు నెలల్లో చవగ్గా ఇచ్చారు. పంట, కూలి, నిల్వ, సాయం నాలుగూ ఒకే ఊళ్లో. దీన్ని రాష్ట్రమంతా చేయడం తేలికని అనను, సంఘం గట్టిగా లేని చోట ఆ గింజలు ఎవరి ఇంట్లోకి పోతాయో మనకి తెలుసు. కానీ రేషన్ షాపులో జొన్న, రాగి కూడా ఇస్తూ వాటిని పక్క మండలం రైతు దగ్గరే కొంటే సగం పని అయినట్టే.

ప్ర: ఆ రేషన్లో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారట?

లేదు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి బియ్యంపిండితో చేసిన గింజలు, కొంచెం తెల్లగా ఉంటాయి, నీళ్లలో తేలతాయి. ఏరి పారేయకండి.

ప్ర: ఇప్పుడు మన దగ్గర ఆకలి చావులు లేవు కదా, ఇంకా ఈ గోల దేనికి?

1943 లాంటి కరువు స్వతంత్రం వచ్చాక రాలేదు, నిజమే. ఎన్నికలూ పేపర్లూ ఉన్న చోట ప్రభుత్వాలు అంత నిర్లక్ష్యంగా ఉండలేవని సేన్ అంటాడు, ఒప్పుకుంటా. కానీ పేపర్లో పడని ఆకలి ఇంకోటి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రాలో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత. ఇది గంజి కేంద్రంతో పోదు, ఆనకట్టతోనూ పోదు. అంగన్వాడీ గుడ్డు, బడి భోజనం, మంచినీళ్లు, మరుగుదొడ్డి, ఆడపిల్ల పెళ్లి వయసు, ఇంట్లో ఆఖరున తినే అమ్మ, ఇన్ని కలిసి ఉన్నాయి ఇందులో. బడిలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్లో ఆర్డర్ వేశాకే చాలా రాష్ట్రాలు కదిలాయి, అది కూడా గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం పస్తులున్నారని కేసు వేస్తే వచ్చింది.

ప్ర: గాజా, సూడాన్ లాంటి చోట్ల శాశ్వత పరిష్కారం ఏంటి?

అక్కడ సమస్య వానా కాదు, విత్తనాలూ కాదు. యుద్ధం. అంతర్జాతీయంగా ఫామిన్ అని ప్రకటించాలంటే ఒక లెక్క ఉంది: అయిదింట ఒక కుటుంబానికి తిండి దాదాపు లేకపోవడం, పిల్లల్లో 30 శాతం తీవ్రంగా చిక్కిపోవడం, రోజుకి పదివేల మందికి ఇద్దరు చనిపోవడం. 2024లో సూడాన్ జంజం క్యాంపులో, 2025 ఆగస్టులో గాజాలో ఈ లెక్కకి చేరిందని నిపుణులు తేల్చారు. రెండు చోట్లా సరుకు దగ్గర్లోనే ఉన్నా దారి తెరవలేదు. అక్కడ శాశ్వత పరిష్కారమంటే కాల్పులు ఆగడం, లారీని పోనివ్వడం, అంతే. 2011లో సోమాలియాలో ఫామిన్ అని ప్రకటించేసరికి పోవాల్సిన ప్రాణాల్లో చాలా భాగం అప్పటికే పోయాయి, మొత్తం 2,60,000 మంది దాకా, సగం మంది అయిదేళ్లలోపు పిల్లలు.

ప్ర: బాగా ఎండిపోయినవాళ్లు కనిపిస్తే కడుపునిండా పెట్టేయొచ్చా?

వద్దు. చాలారోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా పెద్ద భోజనం పెడితే ఒంట్లో లవణాలు తారుమారై ప్రాణం మీదకే వస్తుంది. కొంచెం కొంచెంగా, పల్చగా, మాటిమాటికీ ఇవ్వాలి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లలైతే జిల్లా ఆసుపత్రుల్లో పోషకాహార పునరావాస కేంద్రాలు ఉంటాయి, అక్కడికే.

ప్ర: మేం అమెరికాలో ఉంటాం, డబ్బు పంపాలా, సరుకులా?

డబ్బే. బజార్లో సరుకు దొరికే చోట క్యాష్ ఇస్తే ఇంటావిడకి ఏం కావాలో ఆవిడే కొనుక్కుంటుంది, ఊరి కొట్టువాడు కూడా బతుకుతాడు. దారులు తెగిపోయి బజారే లేనప్పుడు మాత్రం ధాన్యం పంపాలి. పాత బట్టల మూటలు దయచేసి పంపకండి, వాటిని ఏరి పారేయడానికే నలుగురు కావాలి. ఇండియాలో ఏ సంస్థకైనా విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్ల నుంచి డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషనో అనుమతో ఉండాలి, ముందు అది అడగండి, లేకపోతే మీకూ వాళ్లకీ తలనొప్పి. ఇంకోటి, ఒకే పెద్ద చెక్కు ఇచ్చి మర్చిపోవడం కంటే ఊళ్లో చెరువు తూము రిపేరు, పూడిక తీత లాంటి వాటికి అయిదేళ్లు ఏటా కొంచెం పంపడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే చెరువు కట్టడానికి దాతలు దొరుకుతారు గానీ తూముకి గ్రీజు పూయడానికి ఎవ్వరూ దొరకరు.

ప్ర: సాయం ఎప్పుడు ఆపాలి?

వాన పడిన రోజు కాదు, పంట ఇంటికొచ్చాక. విత్తనం వేసిన తర్వాత రెండు మూడు నెలలే అన్నిటికంటే ఆకలి నెలలు, ఇంట్లో గింజలు ఉండవు, కూలి అయితే పొలంలో పెట్టుబడిగా పోతుంది. పచ్చగా కనిపిస్తోందని సరిగ్గా అప్పుడే ఆఫీసర్లు క్యాంపులు ఎత్తేస్తారు.

ప్ర: ఇదంతా సరే, మా ఊళ్లో నేనేం చేయాలి?

పని లేదని ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్ నోటిమాటగా చెప్తే ఊరుకోకండి. పని కావాలని కాగితం మీద రాసి, పదిమంది సంతకాలో వేలిముద్రలో పెట్టించి, పంచాయతీలో ఇచ్చి తేదీ వేసిన రసీదు తీసుకోండి. ఆ తేదీ నుంచే 15 రోజుల లెక్క మొదలవుతుంది, రసీదు లేకపోతే మీరు అడగనే లేదంటారు. గ్రామసభలో పనుల లిస్ట్ చేసేటప్పుడు రోడ్డు పక్క మట్టి పని కంటే చెరువు పూడిక, సప్లై చానల్, పంట కుంట ముందు రాయించండి, తీసిన పూడిక మట్టి మెట్ట పొలాలకి తోలుకుంటే ఎరువు ఖర్చు కూడా తగ్గుతుంది. మీ మండలంలో వాన లోటు ఉంటే కరువు మండలాల లిస్టులో పేరుందో లేదో చూడండి, లేకపోతే తహసీల్దారుకి అర్జీ పెట్టండి, పంట ఫోటోలూ వాన లెక్కలూ జతచేసి. అంగన్వాడీలో పిల్లల బరువు, ఎత్తు ప్రతి నెలా రాస్తున్నారా అడగండి. ఒంటరి ముసలివాళ్లకి వేలిముద్ర పడక రేషన్ ఆగిపోతుంటే డీలర్ దగ్గరికి మీరే వెంట వెళ్లండి, అక్కడ కాకపోతే తహసీల్దార్ ఆఫీసులో సివిల్ సప్లైస్ డిప్యూటీ తహసీల్దార్ ఉంటారు, వాళ్లకి రాసివ్వండి, దానికి కూడా రసీదు తీసుకోండి.